ఒక్క డిగ్రీ మెలిక

మైక్రోస్కోపులో ముందు కనిపించేది ఊదారంగు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఊదా తప్ప ఇంకేం లేదు. సిలికాన్ బిళ్ల మీద పెంచిన ఆక్సైడు పొర రంగు అది. మర కొద్దిగా తిప్పి బిళ్లను పక్కకు జరపండి. ఇంకొంచెం. అదిగో, గచ్చు మీద నీళ్లు ఆరాక మిగిలే మరకలాగా, ఊదాలోనే పిసరంత ముదురు ఊదా. అంచులు కోసినట్టు సూటిగా ఉన్నాయి చూశారా? అదే గ్రాఫీన్. దాని మందం ఒక్క కార్బన్ పరమాణువు.

మనం ఉన్నది అమెరికాలో, బోస్టన్‌కి నది అవతల కేంబ్రిడ్జిలో, ఎమ్‌ఐటీ ప్రయోగశాలలో. సంవత్సరం 2017 అనుకోండి. ఈ బల్ల, ఈ మధ్యాహ్నం, మీరు కూర్చున్న ఈ స్టూలు నా కల్పన. చేతులు చేయబోయే పనీ, తెర మీదికి రాబోయే అంకెలూ కల్పన కాదు. వాటిని పాబ్లో హరియో-హెరేరో బృందం మరుసటి ఏడు అచ్చువేసిన రెండు వ్యాసాల నుంచి తెచ్చుకున్నాను.

ఈ మరకను తయారుచేయడానికి పెద్ద యంత్రం ఏదో ఉంటుందనుకుంటాం. వాడింది జిగురు టేపు. గ్రాఫైట్ ముక్కను టేపుకి అంటించి, మడిచి, విడదీసి, మళ్లీ మడిచి, చివరికి ఆ టేపును బిళ్ల మీద ఒత్తి పీకడమే. మాంచెస్టర్‌లో గైమ్, నొవోసెలోవ్ 2004లో లోకానికి చూపించిన పద్ధతి ఇది. 2010లో దానికి నోబెల్ వచ్చింది. గ్రాఫైట్‌లో మిల్లీమీటరు మందానికి దాదాపు 30 లక్షల పొరలుంటాయి. మనకి కావలసింది అందులో ఒకటి. ఆ ఒకటి తన మీద పడ్డ వెలుతురులో మింగేది 2.3 శాతమే, అయినా కంటికి ఆనుతుంది. పొద్దుటి నుంచి బిళ్ల మీద బిళ్ల మార్చి వెతికితే ఇప్పటికి ఇది దొరికింది. ముడత లేదు, చిరుగు లేదు. చిరగాల్సింది ఇప్పుడే, మీ చేతుల్లో.

కుడిచేతి పక్కనున్న గాజు పలకను చూడండి. దాని కొసన జున్నుముక్కలాంటి సిలికోన్ దిమ్మ, దాని మీద పలచటి ప్లాస్టిక్ పొర. ఇక్కడివాళ్లు దీన్ని స్టాంపు అంటారు. స్టాంపు అడుగున ఇప్పటికే ఒక బోరాన్ నైట్రైడ్ పెళుకు అంటుకుని ఉంది. మందం పది నుంచి ముప్పై నానోమీటర్లు. దీన్ని పెంచినవాళ్లు జపాన్‌లో, త్సుకుబాలో ఉన్నారు. కెంజి వతనబే, తకాషి తనిగుచి అనే ఇద్దరు పెద్ద ప్రెస్సులో విపరీతమైన ఒత్తిడి, వేడి పెట్టి ఈ స్ఫటికాలను పండిస్తారు. ప్రపంచంలో గ్రాఫీన్ పని చేసే ప్రయోగశాలల్లో చాలాచోట్లకి పొట్లం అక్కడి నుంచే వస్తుంది. అందుకే ఈ రంగంలో ఏ వ్యాసం తిప్పినా రచయితల వరుస చివర్లో ఆ రెండు పేర్లూ ఉంటాయి. బోరాన్ నైట్రైడ్ కరెంటును పోనివ్వదు, అద్దంలా చదునుగా ఉంటుంది. గ్రాఫీన్‌కి ఇంతకంటే మంచి పరుపు లేదు.

ఇప్పుడు స్టాంపును దించాలి. మైక్రోస్కోపులో పైపెళుకు అంచు మసకగా కనిపిస్తోంది. ఆ అంచు గ్రాఫీన్ మరకకి సరిగ్గా నడిమధ్యకు రావాలి. సగం కప్పాలి, సగం వదిలేయాలి. దించండి. ప్లాస్టిక్ బిళ్లను తాకిన చోట రంగు మారి, ఆ రంగుగీత తీరం మీదికి వచ్చే అలలాగా మెల్లగా పాకుతుంది. గ్రాఫీన్ సగందాకా వచ్చిందా? ఆపండి. ఇక మర వెనక్కి తిప్పండి, ఆత్రపడకుండా. అల వెనక్కి మళ్లుతుంది. మళ్లుతూ మళ్లుతూ ఒక్క లిప్తలో మరక రెండయింది. సగం స్టాంపుతో పైకి లేచింది, సగం బిళ్ల మీద ఉండిపోయింది. బోరాన్ నైట్రైడుకీ గ్రాఫీన్‌కీ మధ్య ఉన్న బలహీనమైన అంటుకునే గుణమే ఈ చింపుడికి చాలింది. శబ్దం ఏమీ రాలేదు గానీ, నాకైతే ప్రతిసారీ చీర కొట్లో తాను పర్రున చింపిన చప్పుడు వినిపిస్తుంది.

చింపడం ఎందుకు, రెండు వేరు వేరు ముక్కలు తెచ్చుకోవచ్చుగా అనిపిస్తుంది. తెచ్చుకుంటే ఏ ముక్కలో పరమాణువుల వరసలు ఎటు తిరిగి ఉన్నాయో ఎలా తెలుస్తుంది? ఒకే ముక్కను చింపితే రెండు సగాల వరసలూ మొదట ఒకే దిక్కున ఉంటాయి. అక్కడి నుంచి ఎంత తిప్పితే అంతే తేడా. ఈ కిటుకును ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఎమాన్యుయేల్ టుటుక్ బృందం 2016లో చూపించింది. తెలిశాక ఇంతేనా అనిపించే కిటుకుల్లో ఇదొకటి. ఇది లేకపోతే తర్వాతి కథంతా లేదు.

ఇక తిప్పే పని. బిళ్ల కింద ఉన్న గుండ్రటి పీట మరను పట్టుకోండి. మనకు కావలసిన కోణం 1.1 డిగ్రీకి అటూ ఇటూ. గడియారంలో పెద్దముల్లు 11 సెకన్లలో తిరిగేంత. అయితే అంతే తిప్పితే చాలదు, ఇంకో 0.2, 0.3 డిగ్రీ ఎక్కువ తిప్పండి. ఎందుకంటే ఈ పొరలకి మెలిక ఇష్టం ఉండదు. సందు దొరికితే వెనక్కి తిరిగి, గ్రాఫైట్‌లో పుట్టినప్పుడు ఎలా సర్దుకుని ఉన్నాయో అలా పడుకోవాలని చూస్తాయి. గిట్టుబాటు బేరం తెలిసినవాడు ముందే ధర పెంచి చెప్పినట్టు మనమూ కోణం పెంచి చెప్పాలి.

తిప్పారా? స్టాంపును మళ్లీ దించండి. పైన వేలాడుతున్న సగం, కింద ఉండిపోయిన సగం మీదికి వచ్చి ఆనుతుంది. ఎత్తండి. రెండూ కలిసి లేచాయి. అడుగున ఇంకో బోరాన్ నైట్రైడ్ పెళుకు అద్దండి. ఇప్పుడు నాలుగు పొరల పేర్పు అయింది, మధ్యలో రెండు గ్రాఫీన్‌లు. దీన్ని గేటు అనే లోహపు పొర మీద పెట్టి 160 డిగ్రీల వేడిలో ప్లాస్టిక్‌ను వదిలిస్తారు. ఆ తర్వాత మామూలుగా ఇలాంటి పేర్పులను ఇంకా వేడిచేసి లోపలి బుడగలు పోగొడతారు. ఇక్కడ ఆ పని నిషేధం. వేడి తగిలితే పొరలు మెలిక విప్పుకుంటాయి.

ఈ 1.1 డిగ్రీ కోణానికి 'మ్యాజిక్ యాంగిల్' అని పేరు పెట్టారు. నాకు ఆ పేరు పెద్దగా నచ్చదు. మంత్రం అన్నాక చేతిపని కనబడదు.

ఇక్కడ కాసేపు మైక్రోస్కోపు వదిలేయండి. ఇది చూడ్డానికి ఏ కటకమూ పనికిరాదు. మీరే చిన్నవాళ్లైపోవాలి. పలచటి వెంకటగిరి చీర కొంగును రెండు మడతలు చేసి వెలుతురుకి ఎత్తిపట్టినప్పుడు, నేతలో లేని నీటి అలలు కనిపిస్తాయి కదా. మడతను కాస్త పక్కకు తిప్పితే అలలు పెద్దవవుతాయి, ఇంకాస్త తిప్పితే చిన్నవై కలిసిపోతాయి. ఆ అలల నేత పేరే ఫ్రెంచి వాళ్ల మాటలో మ్వారే, అదీ పట్టుబట్టల మాటే. గ్రాఫీన్ నేత తేనెపట్టు గళ్లు. గడికీ గడికీ మధ్య దూరం నానోమీటరులో పావు వంతు. రెండు పొరల్ని 1.1 డిగ్రీ మెలిపెడితే పుట్టే మ్వారే మచ్చల మధ్య దూరం దాదాపు 13 నానోమీటర్లు. అంటే కోణం చిన్నది కాబట్టి నేత యాభై రెట్లు పెద్దదయింది. ఒక్కో మ్వారే గడిలో పది పన్నెండు వేల పరమాణువులు.

ఇప్పుడు మీరు నిలబడ్డది అలాంటి ఒక మచ్చ మీద. ఇక్కడ పై పొర పరమాణువులు కింది పొర పరమాణువుల నెత్తి మీదే ఉన్నాయి. ఏడెనిమిది నానోమీటర్లు నడవండి. వరసలు తప్పుకుని ఒకదాని సందులో ఒకటి పడ్డాయి. కాస్త పక్కకు మళ్లి ఇంకో అంతే నడిస్తే మళ్లీ నెత్తి మీద నెత్తి. కనుచూపు మేర ఇలా చుక్కల ముగ్గు. ఎలక్ట్రాన్లకి ఆ చుక్కలంటే మక్కువ, అక్కడే మూగుతాయి.

మూగడమే వింత. విడి గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్ నిలిచే రకం కాదు. సెకనుకు దాదాపు వెయ్యి కిలోమీటర్లు, వెలుతురు వేగంలో మూడు వందల వంతు. అంత వేగంలో పక్క ఎలక్ట్రాన్‌తో పేచీ పెట్టుకునే తీరిక ఉండదు. రెండు ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి ఎప్పుడూ నెట్టుకుంటూనే ఉంటాయి, కానీ పరుగులో ఆ తోపులాట లెక్కలోకి రాదు. పరుగు ఆగితే వస్తుంది. ఆస్టిన్‌లోనే అలన్ మెక్‌డొనాల్డ్, ఆయన దగ్గర పనిచేస్తున్న రఫీ బిస్ట్రిట్జర్ 2011లో లెక్క కట్టారు. పొరలోపలి పరుగు ఒక పక్క, పొర నుంచి పొరకు దూకడం ఇంకో పక్క. ఈ రెండూ ఒకదానినొకటి సరిగ్గా కొట్టేసుకునే కోణాలు ఉన్నాయి, వాటిలో పెద్దది 1.05 డిగ్రీ దగ్గర, అక్కడ ఎలక్ట్రాన్ వేగం సున్నాకి పడిపోతుంది అని. చాలాకాలం ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. బిస్ట్రిట్జర్ కూడా తర్వాత విశ్వవిద్యాలయాలు వదిలి ఇజ్రాయెల్‌లో పరిశ్రమలో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఆ లెక్క సంగతి తేల్చడానికే ఇక్కడ మీ చేతికి ఈ మర ఇచ్చారు.

పేర్పును చెక్కి, అంచుల నుంచి బంగారు తీగల్లాంటి కొసలు తీసి, చిప్పుకి అతికించడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. అవి దాటేద్దాం, అందులో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు.

రాత్రి. పక్క గది. పైకప్పు నుంచి వేలాడుతున్నది చూడండి, తలకిందులుగా కట్టిన మేడలా ఉంది. బంగారు పూత పూసిన రాగి పళ్లేలే అంతస్తులు. కిందికి దిగేకొద్దీ చలి ఎక్కువ. పై అంతస్తు మన హిమాలయాల కంటే చల్లన, ఆ కిందది 4 కెల్విన్, ఆ కిందది ఒకటికి దగ్గర, ఇంకా కిందికి వెళ్తే డిగ్రీలో పదో వంతులు, నూరో వంతులు. అట్టడుగున హీలియం-3, హీలియం-4 అనే రెండు రకాల హీలియం కలిసిన చోట పుట్టే చలి. మన చిప్పు అక్కడ ఉంది. ఈ ఫ్రిజ్ డబ్బా మూసేశాక లోపల ఏం జరుగుతోందో కళ్లతో చూసేది లేదు. పంపు మాత్రం పాత పిండిమరలా కిచకిచమంటూ సెకనుకొకసారి ఊపిరి తీస్తుంది. తెర మీద అంకె 70 మిల్లీకెల్విన్ దగ్గర నిలిచింది. పరమశూన్యానికి డిగ్రీలో పద్నాలుగో వంతు పైన.

చిప్పుకి నాలుగు తీగలు తగిలించారు. రెండిటిలోంచి నానో ఆంపియర్లలో సన్నటి కరెంటు పంపుతారు, మిగతా రెండూ లోపలి వోల్టేజిని మాత్రం కొలుస్తాయి. అలా కాకుండా రెండు తీగలతోనే సరిపెడితే అతుకుల నిరోధం కూడా లెక్కలో పడి, అసలు సంగతి దాగిపోతుంది. ఇక మీ చేతిలో ఉన్నది ఒకే ఒక్క పని, గేటు వోల్టేజి. అటు తిప్పితే గ్రాఫీన్‌లోకి ఎలక్ట్రాన్లు వచ్చి చేరతాయి, ఇటు తిప్పితే ఖాళీ అవుతాయి. వేరే పదార్థాల్లో ఎలక్ట్రాన్ల సంఖ్య మార్చాలంటే వేరే మూలకం కలిపి కొత్త ముక్క వండుకోవాలి. చలిలో నిరోధం సున్నా అయ్యే రాగి ఆక్సైడు సూపర్‌కండక్టర్లను, అంటే అతివాహకాలను, 1986లో కనుక్కున్నప్పటి నుంచీ వాటిమీద పనిచేసేవాళ్లు బట్టీలముందు గడిపిన ఏళ్లకు లెక్కలేదు. ఇక్కడ అదే పని మర తిప్పితే అయిపోతుంది. ఈ కథలో మెలిక కంటే కూడా ఈ సౌకర్యమే గొప్పదని నా లెక్క.

తిప్పండి, రుణం వైపు. నిరోధం గీత తెర మీద సాగుతోంది. దూరంగా ఒక పెద్ద శిఖరం వచ్చింది. అది ఊహించిందే. ఒక్కో మ్వారే గడినీ నలుగురు పట్టే బల్ల అనుకోండి, గడికి నాలుగు ఎలక్ట్రాన్లు తీసేశాం, ఆ బల్ల మీద ఇక కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు, కరెంటు మొయ్యడానికి మనిషి లేడు. ఈ శిఖరం ఎంత వోల్టేజి దగ్గర వచ్చిందో చూసే అసలు కోణం ఎంతో తెలుసుకుంటారు. మెలిక ఎక్కువైతే గడులు చిన్నవై, సంఖ్య పెరిగి, ఖాళీ చేయడానికి ఎక్కువ ఎలక్ట్రాన్లు తీయాలి. అంటే ఆ రోజు మర మీద మీరు చూసుకున్న అంకె ఉత్త మాట. నిజం ఇప్పుడు తెలుస్తుంది. మన చిప్పు 1.05 అంటోంది. ఊపిరి పీల్చుకోండి.

ఇప్పుడు వెనక్కి, సగం దూరం రండి. గడికి రెండు ఎలక్ట్రాన్లు తీసేసిన చోటు. నలుగురు పట్టే బల్ల మీద ఇద్దరున్నారు, రెండు చోట్లు ఖాళీ. పుస్తకంలోని సూత్రం ప్రకారం ఇక్కడ ఎలక్ట్రాన్లు హాయిగా ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి మారుతూ కరెంటు మొయ్యాలి. గీత చూడండి. నిరోధం ఎగబాకింది. కరెంటు పోవడం లేదు.

బస్సు ఎక్కి, ఖాళీగా కనిపించిన సీటు దగ్గరికి వెళ్తే, అక్కడ తువ్వాలు ఉంటుంది. "మనిషి ఉన్నారండీ" అంటారు పక్కాయన. మనిషి ఎక్కడా కనపడడు. ముందు సీటు దగ్గరా తువ్వాలే, వెనకా తువ్వాలే. బస్సు సగం ఖాళీ, అయినా ఎవరూ కదల్లేరు. ఇక్కడ ఎలక్ట్రాన్లు చేస్తున్నది అదే. పరుగు లేదు కాబట్టి తోపులాటదే రాజ్యం. తన చుక్క మీదికి మూడోవాడు వస్తే నెట్టుడు భరించలేదు కాబట్టి ఎవరి చుక్క మీద వాళ్లు బిగుసుకు కూర్చున్నారు. చలి దాదాపు 4 కెల్విన్ కిందికి దిగినప్పుడు ఈ బిగుసుకుపోవడం మొదలవుతుంది. ఒక ఎలక్ట్రాన్ దీన్ని దాటడానికి కావలసిన శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో పదివేల వంతుల్లో మూడు. చాలా చిన్న గోడ, కానీ గోడే. విడిగా ఉన్నప్పుడు రాగితో పోటీపడే కార్బన్ ఇక్కడ బంధకం అయింది.

మర మీద నుంచి వేళ్లు తీయకండి. ఆ బంధకం చోటు నుంచి వెంట్రుకవాసి పక్కకి. బల్లల మీద కొద్దిమందిని ఎక్కువ తక్కువ చేయండి, అంతే. గీత దిగుతోంది. ఇంకా దిగుతోంది. వేలల్లో ఉన్న అంకె వందలయింది. పరికరాల పొరపాటేమో అని తీగలు తడుముకునే ఘడియ ఇది. నిరోధం సున్నా. 1.05 డిగ్రీల చిప్పులో ఈ సున్నా దాదాపు 1.7 కెల్విన్ దాకా నిలుస్తుంది. 1.16 డిగ్రీల ఇంకో చిప్పులో 0.5 కెల్విన్ దాకానే. రెండిటికీ తేడా డిగ్రీలో తొమ్మిదో వంతు.

హైకే కామర్లింగ్ ఒనెస్ 1911లో లైడెన్‌లో పాదరసాన్ని 4.2 కెల్విన్‌కి చల్లార్చి మొదటిసారి ఈ సున్నా చూశాడు. పాదరసంతో పోలిస్తే 1.7 చిన్న అంకె. కానీ పాదరసంలో ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఉంటాయి. ఇక్కడ ఈ ప్రవాహంలో పాల్గొనేవి చదరపు సెంటీమీటరుకు పదివేల కోట్ల స్థాయిలో. వినడానికి పెద్దదే, సూపర్‌కండక్టర్ల లోకంలో అది కరువు. ఇంత కొద్దిమంది జతకట్టి ఇంత వేడిలో విడిపోకుండా ఉన్నారంటే జత గట్టిదే. నిజమేనా అని నిలువు దిక్కున అయస్కాంత క్షేత్రం పెట్టి చూస్తారు. అర టెస్లా లోపే సున్నా చెదిరిపోయింది. అతివాహకత చెదరాల్సిన పద్ధతి అదే. కాబట్టి తీగ ఊడలేదు.

ఒకే ముక్క. ఏ మూలకం కలపలేదు, ఒక పరమాణువు తీయలేదు. మర ఇటు తిప్పితే బంధకం, అటు తిప్పితే అతివాహకం. తెల్లవారుజామున మీరు అటూ ఇటూ ఎన్నిసార్లు తిప్పారో లెక్కపెట్టుకోలేదు కదా. నేనూ లెక్కపెట్టలేదు.

ఆ రెండు వ్యాసాలూ 2018 మార్చి 5న వచ్చాయి, అదే వారం లాస్ ఏంజిల్స్‌లో అమెరికన్ ఫిజికల్ సొసైటీ మార్చి సమావేశాలు. రెండిటికీ మొదటి రచయిత యువాన్ త్సావో, 1996లో చైనాలో పుట్టినవాడు, పద్నాలుగేళ్లకే విశ్వవిద్యాలయంలో చేరినవాడు. హరియో-హెరేరో, మెక్‌డొనాల్డ్, పరిశోధన వదిలి వెళ్లిన బిస్ట్రిట్జర్ ముగ్గురికీ 2020లో వోల్ఫ్ బహుమతి వచ్చింది.

అప్పట్లో చాలామంది, ఇది రాగి ఆక్సైడులకు చిన్న తమ్ముడు అన్నారు. అక్కడా బంధకం పక్కనే అతివాహకత పుడుతుంది కాబట్టి. తర్వాత బార్సిలోనాలో ఎఫెతోవ్ బృందం గేటును బాగా దగ్గరికి తెచ్చి ఎలక్ట్రాన్ల తోపులాటను కొంత చల్లార్చింది. బంధకం మాయమైంది, అతివాహకత మిగిలింది. తువ్వాళ్లు తీసేశాక కూడా జతలు కట్టాయన్నమాట. మరి జత కట్టించేది ఆ తోపులాటేనా, మామూలు సూపర్‌కండక్టర్లలో లాగా పరమాణువుల కంపనాలా, రెండూనా? ఇంకా తగువు నడుస్తూనే ఉంది. ముంబయి టీఐఎఫ్ఆర్‌లోనూ బెంగళూరు ఐఐఎస్‌సీలోనూ మెలిపెట్టిన గ్రాఫీన్ మీద పని జరుగుతోంది. రెండు బదులు మూడు పొరలు పేర్చి మధ్య పొరను మెలితిప్పితే పనికొచ్చే కోణం 1.56 అని, 1.1ని రెండు వర్గమూలంతో హెచ్చవేస్తే వచ్చే అంకె అని, లెక్క చెప్పినట్టే తేలింది. అది వినగానే నాకు ఆ లెక్కల మీద గౌరవం పెరిగింది.

ఇజ్రాయెల్‌లో వైజ్‌మన్ సంస్థవాళ్లు ఇలాంటి చిప్పులను సన్నటి మొనతో తడిమి చూసినప్పుడు, ఒకే చిప్పులో మెలిక ఒక చోట ఉన్నట్టు ఇంకో చోట లేదని తేలింది. డిగ్రీలో పదో వంతు దాకా తేడా. అంటే మనం 1.05 అంటున్నది కూడా సగటే. ఏ రెండు చిప్పులూ ఒక్కలా ఉండకపోవడంలో ఆశ్చర్యం లేదు.

బల్ల చివర ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంది, గళ్లు గళ్లుగా. ఒక్కో గడిలో ఒక చిప్పు, పక్కన బాల్‌పెన్నుతో రాసిన అంకె. 0.8. 1.3. సున్నా, అంటే మెలిక పూర్తిగా విప్పుకున్నది. ఒకదాని పక్కన అంకె కూడా లేదు, తీగలు అతికేటప్పుడే పోయింది. ఫ్రిజ్ వేడెక్కేందుకు రోజు పైనే పడుతుంది. ఈలోగా ఇంకో బిళ్ల ఎక్కిద్దాం. ఇందాక పక్కకు జరిగి మైక్రోస్కోపు దగ్గర మీకు చోటిచ్చిన కుర్రాడొకడు గుండ్రటి పీట మర మీద చెయ్యి పెట్టి అడుగుతున్నాడు, "ఈసారి ఎక్కడ ఆపుదాం, 1.3లోనా, 1.35లోనా?"